నిజం, నమ్మకం, వినికిడి: మీ వాక్యానికి తగిన పదం ఎంచుకోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం ఒక రైతు అర్జీ చిత్తుప్రతి పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తహశీల్దారు కార్యాలయంలో ఇవ్వాలి, భాష కాస్త సరిచూడమన్నారు. అందులో అసలు వాక్యం ఇది: "మా పక్క పొలం ఆసామి పోయిన నెలలో రాత్రివేళ ట్రాక్టరు తెచ్చి, హద్దురాయి పీకి, మా పొలంలోకి రెండు గజాలు జరిపి పాతాడు."

"మీరు చూశారా?" అని అడిగాను.

"చూడలేదండీ. అయినా ఇంకెవరు చేస్తారు?" అన్నారు.

ఆయన అబద్ధం ఆడడం లేదు. రాయి చోటు మారిందని కళ్లారా చూశారు. ట్రాక్టరు సంగతి గొర్రెలు కాసే కుర్రవాడు చెప్పాడు. రాత్రివేళ అన్నది ఊహ. పక్క పొలం ఆసామి పని అన్నది అనుమానం. ఇన్ని రకాల సంగతులు ఒకే వాక్యంలో, ఒకే గట్టిదనంతో వచ్చి కూర్చున్నాయి. రేపు విచారణలో ఆ పొరుగాయన "ఆ నెలంతా నేను ఊళ్లోనే లేను" అని రైలు టికెట్టు చూపిస్తే, రాయి చోటు మారిందన్న మాటనూ ఎవరూ పట్టించుకోరు. ఊహ కూలినప్పుడు పక్కనున్న నిజాన్నీ వెంట తీసుకుపోతుంది.

అర్జీకి వర్తించేదే పత్రికకు రాసే ఉత్తరానికీ, అపార్ట్‌మెంటు సంఘం నోటీసుకూ, చుట్టాల గ్రూపులో పంపే ఆరోగ్య సలహాకూ వర్తిస్తుంది. ఒక మాట మనకు ఎలా తెలిసిందో ఆ మాటలోనే కనిపించేలా చెప్పే సదుపాయం తెలుగుకు పుష్కలంగా ఉంది. చాలామంది దాన్ని మాట్లాడేటప్పుడు చక్కగా వాడతారు, కలం పట్టగానే వదిలేస్తారు. నేను అర్జీలూ ఉత్తరాలూ సరిచూసేటప్పుడు ఏ వరుసలో పని చేస్తానో అదే వరుసలో చెబుతాను.

మొదటి పని: వాక్యాన్ని విడగొట్టండి

ఒక తెల్లకాగితం తీసుకుని, మీ వాక్యంలో ఎన్ని సంగతులున్నాయో ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో రాయండి. ప్రతి వరుస చివర "నాకెలా తెలుసు?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ఆ రైతు చేత నేను రాయించినది ఇలా వచ్చింది:

రాయి ఇప్పుడు వేపచెట్టుకు ఇవతల ఉంది: చూశాను.
ఇదివరకు చెట్టుకు అవతల ఉండేది: చూశాను, సర్వే పటం నకలు కూడా ఉంది.
రెండు గజాలు జరిగింది: అడుగులు వేసి చూశాను, టేపుతో కొలవలేదు.
ట్రాక్టరు వచ్చింది: గొర్రెల కుర్రవాడు చెప్పాడు, దున్నిన చేలో చక్రాల గుర్తులు చూశాను.
రాత్రివేళ: పగలైతే ఎవరైనా చూసేవారు కదా అనుకున్నాను.
పొరుగాయన చేశాడు: లాభం ఆయనకే కాబట్టి.

ఇది రాసేటప్పుడు ఆయన ముఖం కాసేపు చిన్నబోయింది. అయితే రెండు నిమిషాల తర్వాత ఆయనే "కుర్రవాడు చూశాడో, వాడికి ఇంకెవరైనా చెప్పారో అడగలేదండీ" అన్నారు. కాగితం చేసే మేలు అది.

ఈ విభజన మనకు కొత్తది కాదు. మన న్యాయశాస్త్రం (చట్టాల శాస్త్రం కాదు, ప్రాచీన తర్కశాస్త్రం) వేల మాటల్లో చర్చించినది ఇదే. తెలుసుకోవడానికి దారులు నాలుగని అది చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కళ్లతో చూసినది ప్రత్యక్షం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం అనుమానం. పోలికను బట్టి గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగినవారు, అంటే శాస్త్రం మాటలో ఆప్తులు, చెబితే తెలుసుకున్నది శబ్దం.

ఇందులో రెండు మాటలు తెలుగులోకి వచ్చి రూపు మార్చుకున్నాయి. వాటిని గమనించి తీరాలి. శాస్త్రంలో అనుమానం అంటే గుర్తును బట్టి, కారణం చూపి చేసే నిర్ణయం. మన వాడుకలో అది సందేహానికీ నిందకూ మధ్య ఎక్కడో నిలిచింది. "నాకు అనుమానంగా ఉంది" అంటే గుర్తులు ఉన్నాయో లేవో వినేవారికి తెలియదు. రెండోది ఆప్తుడు. శాస్త్రం ప్రకారం ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మన వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడు, మేలు కోరేవాడు. ఈ రెండు అర్థాలూ మన మనసులోనూ కలిసిపోయాయని నేను అనుకుంటాను. మేనత్త పంపిన సందేశాన్ని తిరగేసి చూడకుండా పది మందికి పంపేది అందుకే. ఆమె ఆప్తురాలే, సందేహం లేదు. ఆ సంగతి ఆమె చూసిందా అన్నది వేరే ప్రశ్న.

ఒక్క జాగ్రత్త. "అందరికీ తెలుసు" అన్న జవాబు వస్తే ఆ వరుసను అక్కడితో వదలకండి. ఆ అందరిలో చూసినవారు ఎవరో ఒక్కరి పేరైనా చెప్పగలరా అని అడగండి. చెప్పలేకపోతే అది వినికిడి.

రెండో పని: క్రియ దగ్గర ఆగండి

పదాల ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ పని ఇక్కడే జరుగుతుంది. సాయంత్రం ఇంటి విషయం ఒకటి తీసుకుందాం. నాన్నగారు ఇంటికి వచ్చారా అని ఎవరో ఫోనులో అడిగారు. మీరు ఇవ్వగల జవాబులు చూడండి.

"వచ్చారు." మీరు ఆయన్ను చూశారు.

"వచ్చినట్టున్నారు." ఆయన్ను చూడలేదు, గుమ్మంలో చెప్పులు చూశారు. కళ్ల ముందు ఒక గుర్తు ఉంది.

"వచ్చి ఉంటారు." గుర్తు కూడా లేదు. ఆరు దాటింది, రోజూ ఆ వేళకు వస్తారు కాబట్టి అలా లెక్క వేశారు.

"వచ్చారట." అమ్మ చెప్పింది.

"వచ్చారేమో." ఏమీ తెలియదు, కాదనడానికి కూడా ఏమీ లేదు.

"వచ్చారు కాబోలు." ఏమో కంటే ఒక అడుగు ముందు. మనసు అటు మొగ్గింది, కారణం గట్టిగా చెప్పలేరు.

ఎంత సన్నని తేడాలో చూడండి. చదువు రాని ముసలమ్మ కూడా వీటిని పొరపాటున కూడా కలపదు. "చెప్పులు కనబడుతున్నాయి, వచ్చారట" అని ఎవరూ అనరు. అంత కచ్చితంగా వాడే మనమే రాతలోకి వచ్చేసరికి అన్నిటినీ "వచ్చారు" చేసేస్తాం, రాత అంటే గట్టిగా ఉండాలన్న భావనతో. మీ పట్టికలో "చూశాను" అన్న వరుసలకు మాత్రమే "వచ్చారు" రూపం ఇవ్వండి. చక్రాల గుర్తులున్న వరుసకు "ట్రాక్టరు వచ్చినట్టుంది" సరిగ్గా సరిపోతుంది.

"అట" గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రెండు అక్షరాలే అయినా "ఇది నా మాట కాదు, విన్న మాట" అని ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది. అయితే అది తోకలా వేలాడుతుంది కాబట్టి తేలిగ్గా ఊడిపోతుంది. మొదటివాడు "చెరువుకు గండి పడిందట" అంటాడు. రెండోవాడు అదే అంటాడు. నాలుగోవాడి నోట "చెరువుకు గండి పడింది" అవుతుంది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు, తోక మాత్రం రాలిపోయింది. అందుకే మీరు ఒక మాటను ఇతరులకు పంపేటప్పుడు మీకు వచ్చిన వాక్యంలో "అట" ఉందా, మీరు పంపే వాక్యంలో ఉందా అన్నది ఒకసారి సరిపోల్చుకోండి.

రాతలో "అట"కు ఇబ్బంది ఒకటుంది. గొంతు వినబడదు కాబట్టి అది వెక్కిరింపులా ధ్వనించవచ్చు. "ఆయనకు జ్వరమట" అని కాగితం మీద చదివితే, జ్వరం సంగతి మీరు నమ్మలేదన్నట్టు అనిపిస్తుంది. కాబట్టి అర్జీలో, నివేదికలో, వార్తలో "అట"ను విప్పి రాయండి. "ట్రాక్టరు వచ్చిందట" అనే చోట "ట్రాక్టరు వచ్చిందని గొర్రెలు కాసే ఫలానా కుర్రవాడు నాతో చెప్పాడు" అని రాస్తే మాటకు యజమాని దొరుకుతాడు. అధికారి ఆ యజమానినే పిలిచి అడుగుతాడు.

పత్రికల్లో రోజూ కనిపించే "రాజీనామా చేసినట్లు తెలిసింది" అన్న ముగింపును అనుకరించకండి. "చేసినట్లు" అన్నది కాస్త దూరం జరుపుతుంది, "తెలిసింది" అన్నది దగ్గరికి లాగుతుంది, ఎవరి ద్వారా తెలిసిందో మాత్రం ఎక్కడా ఉండదు. వార్త రాసేవారికి తమకు చెప్పినవారి పేరు దాచవలసిన అవసరం ఉండవచ్చు. మీకు అలాంటి అవసరం లేనప్పుడు పేరో, కాగితమో, తేదీయో చూపండి.

ఇక నేను అందరికీ మరీ మరీ చెప్పే సంగతి జంట క్రియలు. తెలుగులో చాలా పనులకు రెండేసి క్రియలున్నాయి. జరిగింది, జరిపాడు. విరిగింది, విరిచాడు. పగిలింది, పగలగొట్టాడు. కాలింది, కాల్చాడు. పోయింది, ఎత్తుకుపోయారు. మొదటిది ఏం అయిందో మాత్రమే చెబుతుంది. రెండోది ఒక మనిషిని లోపలికి తెస్తుంది. గొలుసు మెడలో లేకపోతే మీకు తెలిసినది "గొలుసు పోయింది" అన్నంత వరకే. హద్దురాయి విషయంలో తెలిసినది "చోటు మారింది" అన్నంత వరకే.

ఈ రెండో రకం క్రియ వాక్యం మధ్యలో దాక్కున్నప్పుడు ఇంకా ప్రమాదం. "రాయి జరిపిన వ్యక్తిపై చర్య తీసుకోవాలి" అన్న వాక్యంలో అడిగినది చర్య గురించే. కానీ ఎవరో ఒక మనిషి రాయి జరిపాడన్న సంగతి "జరిపిన" అన్న విశేషణంలో చప్పుడు లేకుండా లోపలికి వచ్చింది. చదివేవాడు దాన్ని ప్రశ్నించడు. మీ వాక్యాల్లో ఇలాంటి "చేసిన", "జరిపిన", "దోచుకున్న" మాటల కింద గీత గీసి, వాటిని విడిగా వాక్యం చేసి చూడండి. "ఒక వ్యక్తి రాయి జరిపాడు" అని విడిగా రాయడానికి చెయ్యి ఆడకపోతే, విశేషణంగా రాయడానికీ హక్కు లేదు. "కదా" కూడా ఇదే పని చేస్తుంది. "జరిపింది ఆయనే కదా" అంటే ఎదుటివారు ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు అయిపోతుంది.

ఆరోగ్య సలహాలకు క్రియలోనే మరో పరీక్ష ఉంది. "ఈ కషాయం తాగితే షుగరు తగ్గుతుంది" అన్న వాక్యం "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్న వాక్యంతో సమానంగా కూర్చుంటుంది. ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే ఈ రూపాన్ని మన వ్యాకరణాల్లో తద్ధర్మార్థకం అన్నారు. వస్తువు ధర్మమే అది అన్నట్టు వినిపిస్తుంది. మీకు నిజంగా తెలిసినది ఏమిటి? "మా పెద్దమ్మ రెండు నెలలు ఈ కషాయం తాగారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా వేసుకున్నారు. షుగరు తగ్గింది." తగ్గుతుంది అన్నదాన్ని తగ్గింది అని మార్చి, పక్కన మాత్రల సంగతి పెట్టగానే, చదివేవారు తమ మాత్రలు ఆపుకోరు. ఒక్క క్రియలో ఒక మనిషి ఆరోగ్యం ఉండవచ్చు.

మూడో పని: నిజానికి సరైన పేరు పెట్టండి

నిజం, సత్యం, వాస్తవం, యథార్థం. వీటిని ఒకదానికొకటి పర్యాయపదాలని బడిలో నేర్చుకున్నాం. వాడుకలో వీటి చోట్లు వేరు.

నిజం అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం "తనదైన" అని. నిజరూపం అంటే తన అసలు రూపం. తెలుగులో అది అందరి నోటా నలిగే మాట అయింది. పిల్లవాణ్ని "నిజం చెప్పు" అంటాం, "వాస్తవం చెప్పు" అనం. నిజానికి ఎదురుగా ఎప్పుడూ అబద్ధం నిలబడి ఉంటుంది. మనిషి నోటితో సంబంధం ఉన్నప్పుడు ఈ మాట వాడండి. ఒక ఘటన తర్వాత ఊళ్లోకి వెళ్లి విచారించే బృందాన్ని నిజనిర్ధారణ కమిటీ అనేది అందుకే. అక్కడ రకరకాల మనుషులు రకరకాలుగా చెబుతారు, అందులోంచి తేల్చాలి.

వాస్తవం వస్తువు నుంచి వచ్చింది. ఎవరు ఏమన్నా నేల మీద ఉన్న స్థితి అది. భారత్, చైనా మధ్య సరిహద్దు గురించి మన పత్రికలు వాడే "వాస్తవాధీన రేఖ" ఈ మాట బలాన్ని బాగా చూపుతుంది. ఎవరికి హక్కు ఉందన్న ప్రశ్నను పక్కన పెట్టి, నేల మీద ఎవరి అధీనం ఎంతవరకు ఉందో చెప్పే రేఖ అది. హద్దురాయికి ఇది సరిగ్గా తగిన మాట. "ప్రస్తుతం రాయి వేపచెట్టుకు ఇవతల ఉన్న మాట వాస్తవం" అని ఇరుపక్షాలూ రాయగలవు. అది ఎక్కడ ఉండాలన్నది తర్వాతి తగువు.

సత్యం "సత్" నుంచి, అంటే ఉన్నది అన్న మాట నుంచి పుట్టింది. ఎప్పటికీ నిలిచేదానికీ, పెద్దదానికీ దాన్ని ఉంచండి. సత్యాగ్రహం, సత్యశోధన అన్న మాటల్లో దాని ఎత్తు తెలుస్తుంది. "మా వీధిలో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదన్నది సత్యం" అని రాస్తే వాక్యం కాళ్లకు పెద్ద చెప్పులు వేసుకున్నట్టుంటుంది. యథార్థం ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాటకు, అలా చెప్పే మనిషికి బాగుంటుంది: యథార్థవాది. తథ్యం ఇప్పుడు జరగబోయేదానికి అతుక్కుపోయింది. "ఓటమి తథ్యం" అంటాం. జరగబోయేది ఎవరూ చూడలేరు కాబట్టి నేను ఆ మాటను నా రాతలో వాడను.

వ్యతిరేక పదాలు ఇంకా ముఖ్యం, ఎందుకంటే తగాదాలన్నీ అక్కడే పుడతాయి. "మీరు రాసినది అబద్ధం" అంటే మీకు తెలిసీ అలా రాశారన్న నింద అందులో ఉంది. "తప్పు" అంటే పొరపాటు కావచ్చు. "అవాస్తవం" అంటే సంగతి అలా లేదు, చెప్పిన మనిషి గురించి నేను ఏమీ అనడం లేదు. "కల్పన" అంటే అల్లారు. ఎదుటివారి మనసులో ఏముందో మీకు తెలియనంతవరకు "అవాస్తవం" దగ్గరో, "సరికాదు" దగ్గరో ఆగండి. సంఘం నోటీసులో "కార్యదర్శిగారు చెప్పిన లెక్క అబద్ధం" అని ఉన్న చోట "సరిపోవడం లేదు" అని మార్చితే, మనుషుల మధ్య రావలసిన తగువు లెక్క దగ్గరే ఆగుతుంది.

నాలుగో పని: రుజువు లేకుండా ఒప్పుకున్నవాటిని విడిగా పెట్టండి

నమ్మకం, విశ్వాసం, అభిప్రాయం, ఊహ, అంచనా. వీటిలో అంచనాకు లెక్క కావాలి. అడుగులు వేసి రెండు గజాలు అన్నారు కాబట్టి అది అంచనా. ఏమీ కొలవకుండా అంటే ఊహ. "నా అంచనా ప్రకారం" అని రాసిన ప్రతిచోటా ఆ అంచనా ఎలా వేశారో నాలుగు మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే ఊహ అని రాయండి, అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

అనుమానానికీ సందేహానికీ తేడా ఉంది. పాఠంలో సందేహం వస్తుంది, మనిషి మీద అనుమానం వస్తుంది. కాబట్టి అర్జీలో "అనుమానం" అని రాస్తే ఎవరి మీద అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. విశ్వాసం మనుషుల మధ్య బంధానికి, నిబద్ధతకు దగ్గర. శాసనసభలో పెట్టేది అవిశ్వాస తీర్మానం, అది ప్రభుత్వం మీద సభకు భరోసా లేదని చెప్పడం. ఒక సంగతి గురించైతే "అలా జరిగిందని నా నమ్మకం" అనండి.

"అనుకున్నాను", "అనుకుంటున్నాను" అన్న రెండూ ఒకటి కావు. "మీరు ఊళ్లో లేరనుకున్నాను" అంటే ఉన్నారని ఇప్పుడు తెలిసింది. "లేరనుకుంటున్నాను" అంటే ఇంకా తెలియదు. మొదటిది రాసి రెండో అర్థం ఆశిస్తే, మీ మాట మీరే వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి జ్యామితి పుస్తకం గుర్తుండే ఉంటుంది. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికలు పెట్టి లెక్క రాసేవాళ్లం. ఇచ్చినది ఏది, తేల్చవలసినది ఏది అన్నది మొదటి రెండు వరుసల్లోనే విడిపోయేది. రుజువు అడగకుండా అందరూ ఒప్పుకుని మొదలుపెట్టే మాటలకు స్వీకృతాలు అని పేరు. ఆ పేరులోనే నిజాయితీ ఉంది: ఇది నిరూపించినది కాదు, స్వీకరించినది. యూక్లిడ్ అలాంటివి ఐదు పెట్టుకున్నాడు. ఐదోదైన సమాంతర రేఖల స్వీకృతాన్ని మిగిలినవాటి నుంచి రుజువు చేయాలని శతాబ్దాల పాటు ప్రయత్నించారు. 19వ శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోయాయ్ అనే గణితజ్ఞులు దాన్ని పక్కన పెట్టి వేరే జ్యామితినే కట్టి చూపారు. స్వీకృతం అని పేరుపెట్టి విడిగా ఉంచారు కాబట్టే దాన్ని తీసి చూడడం కుదిరింది. మీ వాదనలో కూడా "ఇంతవరకు ఒప్పుకుని మొదలుపెడుతున్నాను" అన్నది మొదట్లోనే రాయండి.

"లేదు", "ఇంతవరకు కనబడలేదు" అన్న తేడా కూడా గణితమే బాగా నేర్పుతుంది. ఒక ఐదో ఘాతాన్ని (ఒకే సంఖ్యను ఐదుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) ఐదింటికంటే తక్కువ ఐదో ఘాతాల మొత్తంగా రాయలేమని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే మహా గణితజ్ఞుడు భావించాడు. దాదాపు 200 ఏళ్లు ఎవరికీ అలాంటిది కనబడలేదు. 1966లో ఇద్దరు గణితజ్ఞులు కంప్యూటర్ మీద వెతికి పట్టుకున్నారు: 27, 84, 110, 133 సంఖ్యల ఐదో ఘాతాలను కూడితే 144 ఐదో ఘాతం వస్తుంది. ఆయిలర్ అంతటివాడి విషయంలోనే అలా జరిగింది. "మా ఊళ్లో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు" అని రాసే ముందు "నాకు తెలిసినంతవరకు" అన్న రెండు మాటలు చేర్చండి.

ఐదో పని: ఇతరుల మాటలకు తగిన క్రియ ఇవ్వండి

చెప్పారు, తెలిపారు, పేర్కొన్నారు. ఇవి మూడూ బరువు లేనివి, నిర్భయంగా వాడవచ్చు. వెల్లడించారు, బయటపెట్టారు అంటే దాగి ఉన్న నిజం బయటికి వచ్చిందని మీరు కూడా ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నారు అంటే తప్పు ఉందని ముందే తేలినట్టు. "ఆ రోజు పొలానికి వెళ్లినట్టు ఆయన ఒప్పుకున్నాడు" అని రాస్తే, పొలానికి వెళ్లడమే నేరంలా కనిపిస్తుంది. "వెళ్లానని చెప్పాడు" అనండి. ఆరోపించారు అంటే ఇంకా రుజువు కావలసి ఉంది.

కేసుల విషయంలో ఇది మనుషుల పరువుకు సంబంధించిన పని. కేసు నమోదైనవాడు నిందితుడు. కోర్టు నేరం రుజువైందని తేల్చాకే దోషి. మధ్యలో ఎన్నేళ్లు గడిచినా మాట మారదు. "నేరస్థుడిని అరెస్టు చేశారు" అన్న వాక్యంలో తీర్పు పోలీసు స్టేషన్ గుమ్మంలోనే అయిపోయింది.

చట్టం దగ్గర మూడు మాటలు నేర్చుకోవాలి. 1872 నాటి సాక్ష్య చట్టం ఒక సంగతి రుజువైందనడానికీ, అబద్ధమని రుజువైందనడానికీ, రుజువు కాలేదనడానికీ విడివిడిగా నిర్వచనాలు ఇచ్చింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ మూడింటినీ ఉంచింది. మన మాటల్లో మూడోది కనబడకుండా పోయింది. "రుజువు కాలేదట, అంటే అబద్ధమే" అనో, "రుజువు కాకపోతేనేం, నిజమే" అనో రెండు వైపులకూ లాగుతాం. రుజువు కాలేదు అన్నదాన్ని అలాగే రాయండి.

అదే చట్టంలో మనసుకు హత్తుకునే ఏర్పాటు ఒకటుంది. ఒక మనిషి జాడ, బతికి ఉంటే సహజంగా తెలియవలసిన వారికి 7 ఏళ్లుగా తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. చట్టం అతను చనిపోయాడని చూసి చెప్పడం లేదు. ఇంటివాళ్ల జీవితం ముందుకు సాగాలి కాబట్టి అలా భావిస్తోంది. ఇలాంటి చోట "మరణించాడు" అనకుండా "మరణించినట్టు చట్టం భావిస్తుంది" అని రాయడం ఆ ఇంటివాళ్ల పట్ల కూడా గౌరవమే.

ప్రమాణం గురించి ఒక మాట. చిత్తూరు జిల్లా కాణిపాకంలో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని ఎందరికో నమ్మకం. పొలం తగాదాల్లో కూడా "కాణిపాకం వస్తావా" అన్న మాట వింటాం. ఎవరైనా అలా ప్రమాణం చేస్తే "ఆయన కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పాడు" అని రాయండి. అది మీకు తెలిసినది. నమ్మకాన్ని తక్కువ చేయనక్కరలేదు, అలాగని దాన్ని రుజువు అనే గడిలో వేయనూ కూడదు.

ఆరో పని: మళ్లీ కలిపి రాయండి

పట్టికలోని వరుసలను, వాటికి తగిన క్రియలతో, చూసినవి ముందు, విన్నవి తర్వాత, అనుమానం అన్నిటికంటే చివర పెట్టి కలపండి. ఆ రైతు అర్జీ చివరికి ఇలా తయారైంది:

"నా పొలానికీ పక్క పొలానికీ మధ్య ఉన్న హద్దురాయి ఇదివరకు వేపచెట్టుకు అవతల ఉండేది. సర్వే పటం నకలు జతచేశాను. పోయిన నెల మూడో వారంలో చూసేసరికి అది చెట్టుకు ఇవతల ఉంది. అడుగులు వేసి చూస్తే సుమారు రెండు గజాలు ఇవతలికి వచ్చినట్టుంది. పక్కన దున్నిన చేలో ట్రాక్టరు చక్రాల గుర్తులు చూశాను. ఆ వారంలో అక్కడ ట్రాక్టరు చూశానని గొర్రెలు కాసే కుర్రవాడు నాతో చెప్పాడు. రాయి ఎలా చోటు మారిందో నాకు తెలియదు. సర్వేయర్ చేత కొలిపించి హద్దు తిరిగి నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను."

పొరుగాయన పేరు ఇందులో లేదు. "మరి ఆయన సంగతి?" అని అడిగారు రైతు. ఆయనకు కావలసినది నేల. నేల తిరిగి రావడానికి ఆ పేరు అవసరం లేదు. అనుమానం తప్పనిసరిగా చెప్పవలసిన చోట, ఉదాహరణకు పోలీసు ఫిర్యాదులో, "ఫలానా కారణం వల్ల ఫలానా వారిపై నాకు అనుమానం ఉంది" అని కారణంతో సహా ఒకే వాక్యంలో, విడిగా రాయండి.

పాత వాక్యం కంటే ఇది మెత్తగా ఉందని మీకు అనిపించవచ్చు. విచారణలో కూర్చుని చదివి చూడండి. ఏ వాక్యం దగ్గర వేలు పెట్టినా కింద ఒక ఆధారం దొరుకుతుంది.

చివరి పని: తేలినప్పుడు సవరించండి

కొన్ని వారాల తర్వాత సర్వేయర్ వచ్చి కొలిచారు. రాయి చోటు మారిన మాట వాస్తవమే. అయితే తేడా రెండు గజాలు లేదు, నాలుగున్నర అడుగులు తేలింది. రాయి ఎవరు జరిపారో, అసలు ఎవరైనా జరిపారో ఇప్పటికీ తేలలేదు.

సవరణ రాసేటప్పుడు ముందు ఏమని రాశారో, ఇప్పుడు ఏమని తేలిందో, ఎలా తేలిందో మూడూ ఉండాలి. "చిన్న పొరపాటు దొర్లింది" అని మొదలుపెట్టకండి. పొరపాటు చిన్నదో పెద్దదో చదివేవారు నిర్ణయించుకుంటారు. తప్పు వాక్యం ఎంతమందికి పంపారో సవరణ కూడా అంతమందికీ పంపండి, పాత సందేశాన్ని చెరిపేసి ఊరుకోకండి. ఆ రైతు తన అర్జీకి జతచేసిన కాగితంలో రెండు వాక్యాలే రాశారు: "నా అర్జీలో తేడా సుమారు రెండు గజాలని, అడుగులు వేసి చూసిన అంచనాగా రాశాను. సర్వేయర్ గారు నా ఎదుట గొలుసుతో కొలవగా నాలుగున్నర అడుగులని తేలింది."